పదిహేడుసార్లు లెక్కకెక్కిన ఒక్క డౌన్‌లోడ్

సభ్యులు తాము రాసుకున్న ప్రోగ్రాములను నలుగురి కోసం పెట్టే సైటు. అందులో ఓ మూలన పడివున్న పాత యుటిలిటీ, 5 కోట్ల బైట్ల జిప్ ఫైలు. డౌన్‌లోడ్ కౌంటర్ రోజుకు 40 దగ్గర ఆడుతుండేది. అది ఉన్నట్టుండి 2,960కి ఎగిరి, ఆ ప్రోగ్రామ్ 'ఎక్కువమంది దించుకున్నవి' జాబితాలో పైకి వచ్చి కూర్చుంది. అదే రోజు దాని పేజీని తెరిచినవాళ్లు 70 మంది. కొత్త వ్యాఖ్య ఒక్కటీ లేదు, కొత్త బగ్ రిపోర్టూ లేదు.

ఇది ఏ ఒక్క సైటు కథా కాదు. ఇలాంటి సైట్లలో మళ్లీమళ్లీ ఎదురయ్యే నాలుగైదు లోపాలను ఒకే కేసులోకి చేర్చాం. అంకెలు లెక్క నడిచే తీరు చూపడానికి వేసినవి; స్టేటస్ కోడ్లు (సర్వర్ తన జవాబు ఏ రకమో చెప్పే అంకెలు), సర్వర్ల ప్రవర్తన మాత్రం ఉన్నవి ఉన్నట్టే.

ఇలాంటప్పుడు అందరికీ ముందు తట్టే అనుమానం మోసం: ప్రోగ్రామ్ పెట్టినవాడే స్క్రిప్టుతో కౌంటర్ తిప్పుతున్నాడని. ఆ మాట ఎవరితోనూ అనకముందు ఒక చిన్న పరీక్ష చేయాలి. అదే ఫైలును మూడు రకాలుగా దించండి: ఒకసారి బ్రౌజర్‌తో, ఒకసారి కర్ల్ అనే కమాండ్‌లైన్ సాధనంతో, ఒకసారి ఫైలును 16 ముక్కలుగా లాగే డౌన్‌లోడ్ మేనేజర్‌తో. ప్రతిసారీ కౌంటర్ ఎంత పెరిగిందో రాసుకోండి. ఇక్కడ వచ్చిన జవాబు 1, 1, 17. అప్పటికే సగం కేసు తేలిపోయినట్టు.

లాగులు పోకముందే

సర్వర్ తనకొచ్చిన ప్రతి రిక్వెస్టునూ ఒక వరుసగా రాసుకునే ఫైళ్లే లాగులు. లినక్స్ రకాలైన డెబియన్, ఉబుంటుల్లో వెబ్ సర్వర్ ప్యాకేజీతో వచ్చే, పాత లాగులను తీసేసే లాగ్‌రొటేట్ అమరిక రోజుకో ఫైలు చొప్పున 14 ఫైళ్లే ఉంచుతుంది. చర్చలు జరిపి, రెండు వారాల తర్వాత లాగులు తెరిస్తే సాక్ష్యం ఉండదు. కాబట్టి మొదటి పని లాగులన్నీ వేరే చోటికి కాపీ చేయడం. రెండు సర్వర్లుంటే రెండిటివీ, ఏ ఫైలు ఏ సర్వర్‌దో తెలిసేలా.

రెండో పని లాగ్ ఫార్మాట్ మార్చడం. మామూలుగా వాడే 'కంబైన్డ్' ఫార్మాట్లో అడిగినవారి ఐపీ చిరునామా, సమయం, రిక్వెస్టు, స్టేటస్, పంపిన బైట్లు, రిఫరర్ (ఏ పేజీలోని లింకు నుంచి వచ్చారో), యూజర్ ఏజెంట్ (అడిగిన ప్రోగ్రామ్ తన గురించి చెప్పుకునే పేరు) ఉంటాయి. డౌన్‌లోడ్ల లెక్కకు కావలసిన ముఖ్యమైనవి అందులో లేవు: క్లయింట్ (అడిగిన ప్రోగ్రామ్) పంపిన రేంజ్, ఇఫ్-రేంజ్ హెడర్లు, అంటే ఫైలులో ఏ భాగం కావాలో, ఏ షరతుమీద కావాలో చెప్పే వివరాలు; సర్వర్ తిరిగి ఇచ్చిన కంటెంట్-రేంజ్ (ఏ భాగం ఇచ్చిందో), ఈట్యాగ్ (ఫైలు మారిందో లేదో పోల్చుకునే గుర్తు), ఆపైన రిక్వెస్టు చివరిదాకా వెళ్లిందా లేదా అన్న గుర్తు. ఎన్‌జినెక్స్ అనే వెబ్ సర్వర్లో ఈ చివరిదానికి విడిగా ఒక వేరియబుల్ ఉంది. పూర్తయితే ఓకే అని రాస్తుంది, మధ్యలో తెగితే ఖాళీ. అపాచీ అనే మరో వెబ్ సర్వర్లో, లాగ్ ఫార్మాట్లో శాతం గుర్తు పక్కన పెద్ద ఎక్స్ పెడితే తెగిన కనెక్షన్‌కు ఎక్స్ అనే పడుతుంది. వీటిని చేర్చి సర్వర్‌ను రీలోడ్ చేస్తే చాలు, ఆపి మళ్లీ మొదలుపెట్టనక్కర్లేదు. కింద విడదీసిన 2,960, ఫార్మాట్ మార్చాక, కౌంటర్ అదే ఎత్తున ఉన్న ఒక పూర్తి రోజుది.

ఒక హెచ్చరిక. లాగులోని 'పంపిన బైట్లు' అంటే సర్వర్ తన ఆపరేటింగ్ సిస్టమ్‌కు అప్పగించినవి. అవతలివాడికి చేరినవి కావు. 5 కోట్ల బైట్ల ఫైలుకు ఈ తేడా లెక్కలోకి రాదు. కొన్ని వేల బైట్ల స్క్రిప్టు ఫైలైతే మొత్తం సాకెట్ బఫర్‌లోనే, అంటే పంపేముందు సిస్టమ్ డేటాను ఉంచే చోటులోనే, ఇమిడిపోతుంది కాబట్టి, మధ్యలో వదిలేసి వెళ్లినవాడు కూడా పూర్తిగా దించుకున్నట్టే కనిపిస్తాడు. చిన్న ఫైళ్లమీద 'పూర్తయింది' అన్న గుర్తును నమ్మకండి.

బైట్లను ఫైలు సైజుతో భాగిస్తే

లాగుల్లోకి దిగాక మొదట వేయాల్సిన లెక్క ఒక్కటే: ఆ ఫైలుకోసం ఆ రోజు వెళ్లిన మొత్తం బైట్లను ఫైలు సైజుతో భాగించడం. ఇక్కడ వెళ్లినవి 2,200 కోట్ల బైట్లు. 5 కోట్లతో భాగిస్తే 440. అంటే అందరి ముక్కలూ కలిపి కుట్టినా 440 పూర్తి కాపీలకు మించి రావు. కౌంటర్ 2,960 అంటోంది. యూజర్ ఏజెంట్లు, దేశాలు, రిఫరర్లు చూడకముందే ఇంత తెలిసిపోతుంది. ఈ భాగహారం వదిలేసి నేరుగా చిరునామాల వేటలో పడేవాళ్లే ఎక్కువ, రోజులు గడిచేదీ అక్కడే.

ఇక స్టేటస్‌లవారీగా విడదీద్దాం. 206 జవాబులు 2,080. వాటి బైట్లు 650 కోట్లు. 304లు, అంటే ఫైలు మారలేదన్న జవాబులు, 300; బైట్లు సున్నా. హెడర్లు మాత్రమే అడిగే హెడ్ రిక్వెస్టులు 60, అవీ సున్నాయే. 200లు, అంటే ఫైలంతా పంపే మామూలు జవాబులు, 520; బైట్లు 1,550 కోట్లు. కూడితే 2,960. కౌంటర్ ఎలా పనిచేస్తోందో ఇక్కడే బయటపడింది: ఫైలు అడిగిన రిక్వెస్టు స్క్రిప్టుకు తగిలీ తగలగానే ఒకటి కలిపి, ఆ తర్వాతే ఫైలు పంపే పనిని ఎన్‌జినెక్స్‌కు అప్పగిస్తోంది. ఏం అడిగారు, ఏం ఇచ్చారు, ఎంత వెళ్లింది అన్నవి దానికి పట్టవు.

206 అంటే ఫైలులో కొంత భాగమే పంపామని. 650 కోట్ల బైట్లు అంటే 130 పూర్తి ఫైళ్లు. 2,080ని 130తో భాగిస్తే సరిగ్గా 16. లెక్క ఇంత నున్నగా తేలడం నిజ జీవితంలో అరుదు. ముక్కల సంఖ్యను మధ్యలో మార్చుకునే మేనేజర్లున్నాయి, ఒక ముక్క నెమ్మదిస్తే దాన్ని రెండుగా చీల్చి మళ్లీ అడిగేవీ ఉన్నాయి. అయినా 8, 16, 32 చుట్టూ గుంపులు కడితే అది సెగ్మెంట్ డౌన్‌లోడర్ల జాడే. ఆరియా2 అనే కమాండ్‌లైన్ సాధనంలో ఒక సర్వర్‌కు పెట్టుకోగల గరిష్ఠ కనెక్షన్లు 16.

మరి 17వది? చాలా మేనేజర్లు ముందు రేంజ్ లేకుండా మామూలుగా అడిగి, ఫైలు ఎంతుందో, ముక్కలుగా ఇస్తారో లేదో హెడర్లలో చూసుకుని ఆ కనెక్షన్ తెంపేస్తాయి. లాగులో అది 200గా పడి, కొద్దిపాటి బైట్లతో ఆగిపోతుంది. 520లో ఇలాంటి తడిమి చూసే రిక్వెస్టులు 130.

304లు అందుకున్న క్లయింట్ ఒక అప్‌డేట్ చెకర్. నా దగ్గరున్న కాపీ మారిందా అని అడిగి, మారలేదంటే ఒక్క బైటు కూడా తీసుకోకుండా వెళ్లిపోతుంది. ఈ మొత్తంలో అందరికన్నా మర్యాదగా నడుచుకున్నది అదే. కౌంటర్ దాన్నీ 300 డౌన్‌లోడ్లుగా రాసుకుంది. హెడ్ రిక్వెస్టులు లింకులు పనిచేస్తున్నాయో లేదో చూసుకునే యంత్రాలవి. వాటి గురించి అంతకుమించి చెప్పడానికేం లేదు.

రేంజ్ అడిగితే మొత్తం ఫైలు

అసలు లోపం దొరికింది మిగిలిన 200లలో. తడిమి చూసినవి తీసేస్తే 390. అందులో పూర్తిగా వెళ్లినవి 290, మధ్యలో తెగినవి 100. ఆ తెగిన వందలో 64 వరుసల్లో క్లయింట్ రేంజ్ హెడర్ పంపింది, అయినా సర్వర్ 206 ఇవ్వకుండా 200తో ఫైలంతా మొదటినుంచి పంపడం మొదలుపెట్టింది. పాత ఫార్మాట్లో రేంజ్ లేదు కాబట్టి ఇవి మామూలు 200ల్లో కలిసిపోయేవి, ఎప్పటికీ కనిపించేవి కావు.

కారణం ఇది. సగంలో ఆగిన డౌన్‌లోడ్‌ను కొనసాగించేటప్పుడు బ్రౌజర్ రేంజ్‌తోపాటు ఇఫ్-రేంజ్‌లో తనకు ముందు ఇచ్చిన ఈట్యాగ్‌నో, ఫైలు చివరిసారి మారిన సమయాన్నో పంపుతుంది. అది సరిపోతేనే మిగతా భాగం వస్తుంది. సరిపోకపోతే ఫైలు మారినట్టే లెక్క, మొత్తం మళ్లీ పంపాలి. రెండు వేర్వేరు ఫైళ్ల ముక్కలు అతుక్కుపోకుండా ప్రమాణంలో పెట్టిన జాగ్రత్త అది. ఎన్‌జినెక్స్ ఈట్యాగ్‌ను రెండు అంకెలతో తయారుచేస్తుంది: ఫైలు మారిన సమయం, దాని సైజు, రెండూ హెక్స్‌లో (16 ఆధారంగా రాసే అంకెల్లో), మధ్యన అడ్డగీత. ఇక్కడ రెండు సర్వర్లున్నాయి. రెండిటి ఈట్యాగ్‌లు పక్కపక్కన పెట్టి చూస్తే అడ్డగీతకు కుడివైపు ఒకటే, ఎడమవైపు వేరు. ఫైలు ఒకటే, తేదీలు రెండు.

మొదటి సర్వర్ నుంచి రెండోదానికి ఫైళ్లను ఆర్‌సింక్ అనే కాపీ సాధనంతో పంపుతున్నారు. సమయాలను కాపాడే చిన్న టీ ఆప్షన్ పెట్టలేదు. అది లేకపోతే అవతలి ఫైలుకు కాపీ అయిన సమయమే పడుతుంది. దాంతో ఒక సర్వర్లో మొదలై ఆగిన డౌన్‌లోడ్, రెండోదాని దగ్గరికి వెళ్లిన ప్రతిసారీ మొదటికొచ్చింది. నెట్ తరచూ తెగేవాళ్లు నాలుగైదుసార్లు ప్రయత్నించి వదిలేశారు. ప్రయత్నానికి ఒకటి చొప్పున కౌంటర్ ఎక్కింది. 16 ముక్కల మేనేజర్లు ఈ గుంటలో పడలేదు, అవి పంపిన రిక్వెస్టుల్లో ఇఫ్-రేంజ్ లేదు మరి.

అపాచీ వాడేవాళ్లకు ఇదే రోగం మరో దారిలో వస్తుంది. 2.2 వరుస వెర్షన్లలో ఈట్యాగ్‌లో ఐనోడ్ సంఖ్య (డిస్కుమీద ఫైలుకుండే గుర్తింపు సంఖ్య) కూడా కలిసేది. అది ప్రతి డిస్కులోనూ వేరు కాబట్టి, తేదీలు సరిగ్గా ఉన్నా రెండు సర్వర్ల ఈట్యాగ్‌లు కలిసేవి కావు. 2.4లో డిఫాల్టుగా సమయం, సైజు మాత్రమే. పాత కాన్ఫిగరేషన్ ఫైలును అలాగే మోసుకొచ్చినచోట ఒకసారి చూసుకోవాలి.

సరిచేయడం తేలిక: ఆర్‌సింక్‌కు చిన్న టీ గాని, దాన్ని కలుపుకున్న చిన్న ఏ గాని ఇచ్చి ఒకసారి మళ్లీ నడపాలి. తర్వాత రెండు సర్వర్లకూ విడివిడిగా హెడ్ రిక్వెస్టు పంపి ఈట్యాగ్, చివరి మార్పు సమయం అక్షరం పొల్లుపోకుండా కలిశాయో లేదో చూడాలి. రిక్వెస్టులను రెండు సర్వర్లకూ పంచే లోడ్ బ్యాలెన్సర్ ద్వారా పంపితే ఏ సర్వర్ జవాబిచ్చిందో తెలీదు, కాబట్టి సర్వర్ చిరునామాకే నేరుగా. సరిచేశాక రేంజ్, ఇఫ్-రేంజ్ రెండూ ఉండి 200 వచ్చిన వరుసలు దాదాపు మాయమవ్వాలి. ప్రోగ్రామ్ కొత్త వెర్షన్‌ను అదే పేరుతో పెట్టిన రోజు కొన్ని కనిపిస్తాయి, అవి న్యాయమైనవే.

ఆరు నిమిషాలకోసారి

పూర్తిగా వెళ్లిన 290లో 240 ఒకే డేటాసెంటర్ చిరునామాల నుంచి, అన్నిటికీ కర్ల్ యూజర్ ఏజెంట్. గంటలవారీ గ్రాఫులో ఇది కంటికి ఆనదు, ఎందుకంటే రోజంతా చదునుగా ఉంటుంది. గంటను పక్కనపెట్టి నిమిషాన్ని మాత్రమే తీసుకుని, సున్నా నుంచి 59 దాకా 60 గడుల్లో పోస్తే 0, 6, 12, 18 దగ్గర స్తంభాలు లేస్తాయి. గంటకు 10, రోజుకు 240. ఎవరో, ప్రోగ్రాములను తనంతట తానే కట్టి పరీక్షించే తమ బిల్డ్ యంత్రంలో, ప్రతి పరీక్షకు ముందు ఈ జిప్‌ను కొత్తగా దించే వరుస రాసి మరిచిపోయారు. కాష్ లేదు, అంటే దించిన కాపీని దాచుకోవడం లేదు. కౌంటర్లో ఇది 240 మాత్రమే, కాని వెళ్లిన డేటాలో 1,200 కోట్ల బైట్లు, అంటే సగం పైచిలుకు. డౌన్‌లోడ్ల సంఖ్యను ఎక్కువగా చెడగొట్టినవాళ్లూ బ్యాండ్‌విడ్త్ ఎక్కువగా తిన్నవాళ్లూ ఒకరే కానక్కర్లేదని దీన్నిబట్టి తెలుస్తుంది. రెంటినీ ఒకే తాడుతో కట్టేస్తే మందు తప్పుతుంది.

కర్ల్ కనిపించగానే అడ్డుకోవడం తప్పు. చేతితో కర్ల్, దానిలాంటిదే అయిన డబ్ల్యూగెట్ వాడి దించుకునే మనుషులు ఇలాంటి సైట్లలో తక్కువేం కాదు. అడ్డుకుంటే స్క్రిప్టు రాసినవాడు యూజర్ ఏజెంట్ మార్చుకుంటాడు, గుర్తు పట్టడం ఇంకా కష్టమవుతుంది. పనిచేసేది వేరు. ఫైలు పక్కనే కొన్ని పదుల బైట్ల చెక్‌సమ్ ఫైలు (అసలు ఫైలు మారితే తానూ మారే చిన్న గుర్తు) పెట్టి, ముందు దాన్ని చూసి మారితేనే పెద్ద ఫైలు దించండని డౌన్‌లోడ్ పేజీలోనే రాయడం. కర్ల్ 7.68 నుంచి ఈట్యాగ్‌ను దాచుకుని పోల్చి చూసే ఆప్షన్లున్నాయి, డబ్ల్యూగెట్‌కు పెద్ద ఎన్ ఉంది. రెండు నమూనా వరుసలు పేజీలో ఉంటే చాలామంది అవే కాపీ చేసుకుంటారు. అప్పటికీ ఆగకపోతే ఆ చిరునామాలకు మాత్రం, ఎంతసేపాగి రావాలో చెప్పే హెడర్‌తో 429 (మరీ ఎక్కువగా అడుగుతున్నారన్న జవాబు).

మిగిలినవి: బ్రౌజర్ల నుంచి పూర్తిగా వెళ్లినవి 50, మధ్యలో మనసు మార్చుకుని ఆపినవి 36. 130 సెగ్మెంట్ డౌన్‌లోడ్లలో ఎక్కువ భాగానికి రిఫరర్ వేరే సైటు. పేజీ చూసినవాళ్లు 70 మందే ఎందుకున్నారో ఇక్కడ తేలింది: ఉచిత ప్రోగ్రాముల జాబితా ఒకటి ప్రోగ్రామ్ పేజీకి కాకుండా నేరుగా ఫైలుకే లింకు ఇచ్చింది. ఇప్పటి బ్రౌజర్లు డిఫాల్టుగా వేరే సైటుకు వెళ్లేటప్పుడు రిఫరర్‌లో సైటు పేరు మాత్రమే పంపుతాయి, పూర్తి పేజీ చిరునామా ఇవ్వవు. కాబట్టి ఏ సైటో తెలుస్తుంది, ఏ పేజీయో వెతుక్కోవాలి. ఇది మోసం కాదు, నిజమైన ఆదరణే.

కొత్త లెక్క

ఫైలునే అడిగే గెట్ రిక్వెస్టులు, 200 లేదా 206 జవాబులు మాత్రమే తీసుకోవాలి. చిరునామా, యూజర్ ఏజెంట్, ఫైలు, వెర్షన్ నాలుగూ ఒకటైన వరుసలను 24 గంటల కిటికీలో ఒక గుంపు చేయాలి. కొత్త తరం చిరునామాల పద్ధతి ఐపీవీ6లో యంత్రాలు చిరునామా చివరి సగాన్ని మార్చుకుంటూ ఉంటాయి, అందుకే మొదటి 64 బిట్లే చూడాలి. తర్వాత గుంపులోని ప్రతి వరుసా ఫైలులో ఎక్కడినుంచి ఎక్కడిదాకా ఇచ్చిందో గీసుకోవాలి. మొదలు కంటెంట్-రేంజ్‌లో దొరుకుతుంది. ముగింపుకు మాత్రం హెడర్‌లో రాసిన చివరి అంకెను వాడకూడదు, మొదలుకు పంపిన బైట్లు కలపాలి, ముక్క మధ్యలో తెగివుండవచ్చు కనుక. తెగిన 200 అయితే సున్నా నుంచి పంపిన బైట్లదాకా.

ఈ ముక్కల బైట్లను కూడకూడదు, ఒకదానిమీద ఒకటి పరిచి ఎంత భాగం కప్పబడిందో చూడాలి. మొదటి 10 శాతాన్ని పదిసార్లు దించి వదిలేసినవాడు, కూడితే నూరు శాతం పూర్తిచేసినట్టు వస్తాడు; పరిస్తే 10 దగ్గరే ఉంటాడు. 95 శాతం కప్పితే ఒక డౌన్‌లోడ్. నూటికి నూరు ఎందుకు పెట్టకూడదంటే, చివరి ముక్క అర్ధరాత్రి దాటి రేపటి లాగులో పడుతుంది, ఒకటి రెండు వరుసలు రొటేషన్‌లో జారిపోతాయి. అర్ధరాత్రి సమస్యకు రోజూ రెండు రోజుల లాగులను కలిపి నడిపి, మొదటి రోజు ఫలితాన్నే ఖాయం చేయడం నయం.

ఈ నియమంతో బ్రౌజర్ల 50, ముక్కలవాళ్ల 130 కలిపి 180. అందులో ఒకే చిరునామా 24 గంటల్లో మళ్లీ దించుకున్నవి 12 పోతే 168. బిల్డ్ యంత్రం ఇదే నియమంలో చిరునామాకు రోజుకొకటిగా కుంచించుకుపోతుంది; దాన్ని చెరిపేయకుండా 'యంత్రాలు' అన్న వేరే గడిలో చూపాలి. ఎవరో తమ పనిలో ఈ ప్రోగ్రామ్‌మీద ఆధారపడుతున్నారన్నది రాసినవారికి పనికొచ్చే సమాచారం.

24 గంటల కిటికీ కొత్తదేం కాదు. పాడ్‌కాస్ట్ కొలతల ప్రమాణం అదే వాడుతుంది. గ్రంథాలయాల ఈ-వనరుల కోసం ఉన్న 'కౌంటర్' అనే ప్రమాణంలో 30 సెకన్లలోపు పడిన రెండు క్లిక్కులు ఒకటే. 5 కోట్ల బైట్ల ఫైళ్లకు ఆ 30 సెకన్లు చాలవు. జావాస్క్రిప్ట్ ప్యాకేజీలను పంచే ఎన్‌పీఎం తన డౌన్‌లోడ్ సంఖ్య 200 జవాబుల లెక్కేనని, అందులో బిల్డ్ సర్వర్లు, అద్దం సైట్లు (కాపీలు ఉంచే మిర్రర్లు), రోబోలు కూడా ఉంటాయని 2014లోనే బాహాటంగా రాసింది.

ఈ పద్ధతికీ ఒక గుడ్డిమచ్చ ఉంది. ఒకే బహిరంగ చిరునామా వెనక వందలమంది ఉండే మొబైల్ నెట్‌వర్కుల్లో ఇద్దరు వేర్వేరు మనుషులు ఒక్కరవుతారు. బ్రౌజర్లు యూజర్ ఏజెంట్‌లో వెర్షన్ వివరాలు తగ్గించేశాక ఇది ఇంకాస్త పెరిగింది. కుకీ పెట్టి విడదీయవచ్చు గాని చాలా మేనేజర్లు, కర్ల్ మామూలుగా కుకీలు దాచుకోవు. తక్కువ లెక్క రావడాన్ని ఒప్పుకోవడమే మేలు. ఎక్కువ వచ్చే సంఖ్య జాబితాలను పాడుచేస్తుంది, తక్కువ వచ్చేది అందరికీ ఇంచుమించు ఒకేలా తక్కువ వస్తుంది. చిరునామాలను మాత్రం రోజూ మారే ఉప్పు (సాల్ట్ అనే రహస్య అక్షరాల వరుస) కలిపి హ్యాష్ చేసి, అంటే వెనక్కి తిప్పలేని గుర్తుగా మార్చి వాడి, 24 గంటల కిటికీ దాటాక ఆ ఉప్పు పారేయాలి. కిటికీ రెండు రోజులమీద పడుతుంది కాబట్టి ఒకేసారి రెండు రోజుల ఉప్పులు చేతిలో ఉండాలి.

చేయకూడనివి రెండున్నాయి, రెండూ పైకి పనిచేసేలా కనిపిస్తాయి. మొదటిది, చిరునామాకు ఒకే కనెక్షన్ అని ఎన్‌జినెక్స్‌లో పరిమితి పెట్టడం. అది డిఫాల్టుగా 503 (ఇప్పుడు ఇవ్వలేనన్న జవాబు) ఇస్తుంది, మేనేజర్లు ఆ ముక్కను వెంటనే మళ్లీ అడుగుతాయి, లాగు మూడింతలవుతుంది. ఒకే చిరునామా వెనకున్న అమాయకులు బయటే నిలబడతారు. రెండోది రేంజ్ సౌకర్యాన్నే ఆపేయడం. 206లు ఒక్క దెబ్బకు పోతాయి, కౌంటర్ అందంగా దిగుతుంది. నెట్ నెమ్మదిగా ఉండి తరచూ తెగేవాళ్లకు ఆ ఫైలు ఇక పూర్తికావడం కష్టం.

ప్రదర్శన విషయానికొస్తే, పాత సంఖ్యలను దిద్దకూడదు. గ్రాఫులో నియమం మారిన తేదీ దగ్గర నిలువు గీత గీసి, రెండువైపులా ఏ నియమమో రాయాలి. 2,960 చూసి సంతోషించిన రచయితకు 168 చూపేటప్పుడు ఇంకో సంగతి కూడా చెప్పాలి: పాత 40 కూడా అదే చెడ్డ కౌంటర్‌ది. దాచిపెట్టిన పాత లాగుల్లో రేంజ్ హెడర్లు లేవు కాబట్టి పరిచే లెక్క నడవదు, కాని మొత్తం బైట్ల భాగహారం నడుస్తుంది. ఎగరకముందటి ఒక రోజుకు అది 23 ఇస్తే, అసలు పెరుగుదల 40 నుంచి కాదు, మహా అయితే 23 నుంచి 168కి. జాబితా క్రమానికి ఒక్క రోజు సంఖ్య గాని మొత్తం గాని వాడకుండా 28 రోజుల మధ్యగతం వాడితే ఒకటి రెండు రోజుల ఎగుడుదిగుళ్లు దాన్ని కదపలేవు. 30 బదులు 28 ఎందుకంటే అందులో వారంలోని ప్రతి రోజూ నాలుగుసార్లు సమంగా వస్తుంది.

చివరగా, రోజూ రాత్రి నడిచే ఒక కాపలా లెక్క: ప్రతి ఫైలుకూ రిక్వెస్టుల సంఖ్యను, బైట్ల భాగహారంతో వచ్చిన సంఖ్యతో భాగించి రాసిపెట్టుకోవాలి. ఇక్కడ అది 2,960 బై 440, అంటే 6.7. ఒక ఫైలుకు మామూలుగా ఎంత ఉంటుందో రెండు వారాల్లో తెలుస్తుంది. ఈ నిష్పత్తి ఒక్కసారిగా పెరిగితే ముక్కలో, తెగిన కొనసాగింపులో, ఖాళీ తనిఖీలో మొదలైనట్టు. నిష్పత్తి 1 వైపు దిగుతూ బైట్లు పెరిగితే ఎవరో కాష్ లేకుండా దించుతున్నట్టు. సైటు ముందు సీడీఎన్ (ఫైళ్ల కాపీలను పలుచోట్ల ఉంచి పంచే సర్వర్ల వల) ఉంటే రెండు సంఖ్యలూ దాని అంచు లాగుల నుంచే తీయాలి. మూల సర్వర్ లాగుల్లో కనిపించేది సీడీఎన్ తన కాష్ నింపుకోవడానికి చేసిన డౌన్‌లోడ్లే.